భాగాలు ఒకటే, స్కోరు వేరు: రెండు పీసీలను పోల్చేటప్పుడు ఏం చూడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీరూ మీ మిత్రుడూ ఒకే జాబితాతో పీసీలు బిగించారు. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్. ప్రాసెసర్ బలాన్ని కొలిచే సినీబెంచ్ ఆర్23 పరీక్షలో, అన్ని కోర్లూ పనిచేసే మల్టీకోర్ విడతలో ఆయనకు 14,900, మీకు 13,700. ఒకే ఆటలో 1080పీ దగ్గర ఆయనకు 140 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు), మీకు 105. ప్రాసెసర్ వేడి ఆయనది 80 డిగ్రీలు, మీది 91. ఆయన దగ్గర టవర్ కూలర్, 850 వాట్ల గోల్డ్ పవర్ సప్లై. మీ దగ్గర డబ్బాలో వచ్చిన కూలర్, 650 వాట్ల బ్రాంజ్. పవర్ సప్లై మార్చాలా, కూలర్ మార్చాలా, లేక నాసిరకం చిప్ తగిలిందా అన్నది మీ సందేహం.

ఇప్పుడే ఏదీ కొనకండి. మీరు ఇచ్చిన అంకెల్లోనే సగం జవాబు ఉంది. సినీబెంచ్‌లో మీరు వెనకబడింది 8 శాతం, ఆటలో 25 శాతం. సినీబెంచ్ ఆర్23కి ర్యామ్ వేగంతో పెద్దగా పనిలేదు, ఆటలకు చాలా పని ఉంది. చిప్పే నాసిరకమైతే ముందు సినీబెంచ్‌లో బయటపడాలి, ఆటలో అంతకు మూడింతలు పడిపోవడానికి కారణం ఉండదు. అంటే ఇక్కడున్నది ఒక జబ్బు కాదు, రెండు. అమరికలన్నీ ఒకేలా పెట్టి నడిపితే చిప్‌కీ చిప్‌కీ మధ్య వచ్చే తేడా మామూలుగా 1 నుంచి 3 శాతం. కాబట్టి అదృష్టాన్ని తిట్టుకోవడం ఆఖరున పెట్టుకుందాం.

సినీబెంచ్ సంగతి ముందు తేల్చేద్దాం, అది తేలిక. 7600 మీద రాసి ఉండే 65 వాట్లు అది నిజంగా తాగే కరెంటు కాదు. ఈ చిప్ కూర్చునే ఏఎమ్5 సాకెట్‌లో 65 వాట్ల చిప్‌కు పీపీటీ అనే అసలు పరిమితి 88 వాట్లు, 105 వాట్ల చిప్‌కు 142, 170 వాట్ల చిప్‌కు 230. 7600, 7600ఎక్స్ రెండూ ఆరు కోర్ల చిప్పులే. ముఖ్యమైన తేడా ఈ వాట్ల పరిమితి, దాంతోపాటు పెరిగే క్లాక్, అంటే చిప్ నడిచే వేగం. బయోస్‌లో (విండోస్‌కు ముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల తెర) వాట్ల పరిమితిని పెంచే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్, అంటే పీబీఓ, ఆన్ చేస్తే 7600 కూడా 88 దాటి పోతుంది. మీ 13,700 ఎక్కడా తప్పిన అంకె కాదు, 88 వాట్ల దగ్గర 7600 ఇవ్వాల్సిందే ఇస్తోంది. మీ మిత్రుడి 14,900 చూస్తే పీబీఓ వాసన కొడుతోంది. తెలిసి పెట్టకపోయినా బోర్డులోని ఏదో 'పెర్ఫార్మెన్స్' ప్రీసెట్ నొక్కి ఉండొచ్చు.

రూఢి చేసుకోవడం ఇలా. ఇద్దరూ వేడి, వాట్లు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామును సెన్సర్స్ మాత్రమే పెట్టి తెరవండి. సినీబెంచ్ ఆర్23ని ఒక్కసారి కాకుండా 10 నిమిషాల పరీక్షగా నడపండి. ఐదో నిమిషం తర్వాత సీపీయూ ప్యాకేజ్ పవర్ వరుస చూడండి. 88 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే ఆపుతున్నది వాట్ల పరిమితి. 88 చేరకుండానే వేడి 95కి వెళ్లి అక్కడే నిలబడితే ఆపుతున్నది కూలర్. ఈ చిప్‌కు 95 డిగ్రీలే హద్దు. మీది 91 దగ్గర ఉంది కాబట్టి మీ కూలర్ చెమటోడుస్తోందే గానీ ఇంకా ఓడిపోలేదు. ఇప్పుడున్న 88 వాట్ల మీద కూలర్ మారిస్తే చప్పుడు తగ్గుతుంది, స్కోరు మాత్రం చెప్పుకోదగ్గంత పెరగదు.

పోలిక న్యాయంగా ఉండాలంటే ఇద్దరూ పీబీఓ డిజేబుల్డ్ పెట్టి మళ్లీ నడపండి. 'ఆటో' అని వదలకండి, ఆటో అంటే ఏమిటో ఒక్కో బోర్డు ఒక్కోలా అర్థం చేసుకుంటుంది. ఆ తర్వాత మీకూ ఆ అదనపు స్కోరు కావాలనిపిస్తే, డబ్బాలో వచ్చిన కూలర్‌తో పీబీఓ పెట్టి లాభం లేదు, వెంటనే 95ని తాకుతుంది. దానికి బదులు బయోస్‌లోనే వోల్టేజ్ సవరించే కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ నెగెటివ్ 10తో మొదలుపెట్టి ఐదేసి చొప్పున పెంచుకుంటూ వెళ్లడం మేలు. వోల్టేజ్ తగ్గి, అదే 88 వాట్లలో క్లాక్ పెరుగుతుంది. ఇందులో ఒక మోసం ఉంది. మితిమీరిన నెగెటివ్ విలువ సినీబెంచ్‌లో బయటపడదు. ఏ పనీ లేకుండా డెస్క్‌టాప్ తెరిచి ఉన్నప్పుడో, బ్రౌజర్‌లో ఏదో చదువుతున్నప్పుడో ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. ఒకటి రెండు కోర్లే పనిచేసేటప్పుడు క్లాక్ అన్నిటికంటే పైన ఉంటుంది, అక్కడే వోల్టేజ్ చాలదు. అందుకే కోర్‌సైక్లర్ లాంటి దానితో ఒక్కో కోర్‌నూ విడివిడిగా గంటల తరబడి పరీక్షించాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో కింది వరుసల్లో డబ్ల్యూహెచ్‌ఈఏ ఎర్రర్ల (విండోస్ నమోదు చేసే హార్డ్‌వేర్ తప్పుల) లెక్క సున్నా దాటితే ఐదు మెట్లు వెనక్కి రండి. పీబీఓనూ, ర్యామ్‌ను దాని మీద రాసిన వేగానికి తెచ్చే ఎక్స్‌పో సెట్టింగ్‌నూ ఏఎమ్‌డీ ఓవర్‌క్లాకింగ్ కిందే లెక్కిస్తుంది, వారంటీ షరతులు చదువుకుని చేయండి.

ఇంటెల్ వాళ్లతో పోల్చుకునేటప్పుడు ఇదే గొడవ పీఎల్1 (ఎక్కువసేపు తాగగల వాట్లు), పీఎల్2 (కొద్దిసేపటికి తాగగల వాట్లు) పేర్లతో ఎదురవుతుంది. కోర్ ఐ5-12400కి అధికారికంగా 65, 117 వాట్లు. చాలా బోర్డులు ఆ పరిమితులు తీసేసి నడుపుతాయి. బోర్డు పేరు, బయోస్ వెర్షన్ రాయని ఇంటెల్ స్కోరును పక్కన పెట్టేయండి. 13, 14 తరాల పెద్ద చిప్పులైతే, వోల్టేజ్ సమస్యకు 2024 ఆగస్టులో ఇంటెల్ మైక్రోకోడ్ (చిప్ లోపలి సూచనలు) సవరణ ఇచ్చింది. దానికి ముందూ తర్వాతా తీసిన స్కోర్లను ఒకే వరుసలో పెట్టకూడదు.

ఇక ఆటలోని 25 శాతం. ఇదే అసలైన చిక్కు.

మొదట తెలియాల్సింది కార్డు పనిచేస్తోందా, ఎదురుచూస్తోందా అన్నది. ఆట నడుస్తుండగా ఆట తెర మీదే అంకెలు చూపే ఆఫ్టర్‌బర్నర్ ఓవర్‌లేలో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం శాతం పెట్టుకోండి. 97, 98 దగ్గర ఉంటే కార్డు పూర్తిగా పనిలో ఉంది. 70, 75 దగ్గర ఊగిసలాడుతుంటే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ పంపే పని కోసం చూస్తోంది. మరో పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది: రిజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి దించండి. గీయాల్సిన పిక్సెళ్లు 20.7 లక్షల నుంచి 9.2 లక్షలకు పడిపోతాయి. అయినా 105 అలాగే ఉంటే కార్డుకు ఏ పాపమూ తెలియదు, అడ్డం ప్రాసెసర్ వైపో ర్యామ్ వైపో ఉంది. ఈ పరీక్షకు ముందు ఫ్రేములకు హద్దు పెట్టే వీ-సింక్, ఫ్రేమ్ లిమిటర్లు అన్నీ తీసేయండి. డ్రైవర్ ప్యానెల్‌లో ఒకటి, ఆటలో ఒకటి, ఓవర్‌లే సాఫ్ట్‌వేర్‌లో ఇంకొకటి, మూడుచోట్లా ఉంటాయి.

మీ వివరాల్లో '32 జీబీ డీడీఆర్5' అని మాత్రమే ఉంది. అది ఒక్క స్టిక్కా, రెండు 16లా? ఏ వేగం? ఎక్స్‌పో ఆన్‌లో ఉందా? నా మొదటి అనుమానం ఇక్కడే.

సీపీయూ-జెడ్ తెరిచి మెమరీ ట్యాబ్ చూడండి. రెండు స్టిక్‌లు సరిగ్గా కూర్చుంటే ఛానల్ దగ్గర '4 x 32-బిట్' అని ఉంటుంది. డీడీఆర్5లో ఒక్కో స్టిక్‌లోనే రెండు చిన్న ఛానళ్లు ఉంటాయి కాబట్టి ఆ లెక్క. ఒక్క స్టిక్ ఉంటే '2 x 32-బిట్' అంటుంది. ఆ '2' చూసి డ్యూయల్ ఛానల్ అనుకుని ఊరుకునేవాళ్లు చాలామంది. రెండు స్టిక్‌లు ఉండి కూడా '2 x 32' వస్తే తప్పు స్లాట్లలో పెట్టారన్నమాట. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది నింపాలి. పక్కపక్కనే పెడితే రెండూ ఒకే ఛానల్‌లో పడతాయి. ఆ కిందే డ్రామ్ ఫ్రీక్వెన్సీ ఉంటుంది. అక్కడ కనిపించేది సగం అంకె. కిట్ మీద 6000 అని ఉంటే ఇక్కడ 3000కి కాస్త అటూ ఇటూ ఉండాలి. 2400 కనిపిస్తే మీ ర్యామ్ 4800 దగ్గరే నడుస్తోంది, ఎక్స్‌పో ఎవరూ ఆన్ చేయలేదు.

ఇది ఎంత తేడా తెస్తుందో లెక్క కట్టొచ్చు. ఒక్క స్టిక్ 4800 మీద: 4800ని 8 బైట్లతో హెచ్చిస్తే సెకనుకు 38.4 జీబీ. రెండు స్టిక్‌లు 6000 మీద: 96 జీబీ. అయితే 7600లో కోర్లన్నీ ఒకే సీసీడీలో, అంటే ఒకే చిన్న చిప్ ముక్కలో ఉంటాయి. దాన్ని మెమరీ కంట్రోలర్‌తో కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ 2000 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ సీసీడీ చదవగలిగేది సెకనుకు 64 జీబీ. కాబట్టి 96 మొత్తం చేతికి రాదు, కానీ 38 నుంచి 64కి వెళ్లడమే పెద్ద మార్పు. జాప్యం సంగతీ అంతే. కిట్ మీద రాసి ఉండే సీఎల్ (జాప్యం) అంకెను 2000తో హెచ్చించి ర్యామ్ వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. 6000 సీఎల్30 అంటే 10 నానోసెకన్లు, 6000 సీఎల్36 అంటే 12, 4800 సీఎల్40 అంటే 16.7. పాత డీడీఆర్4-3200 సీఎల్16 కూడా 10 నానోసెకన్లే. 'నాది డీడీఆర్5' అని మురిసిపోయే ముందు ఈ భాగాహారం ఒకసారి చేసుకోవడం మంచిది.

ఎక్స్‌పో ఆన్ చేశాక మొదటిసారి బూట్ అయ్యేటప్పుడు తెర నల్లగా నిమిషాల తరబడి ఉండిపోవచ్చు. బోర్డు మెమరీ ట్రైనింగ్ చేసుకుంటోంది, అంటే ర్యామ్‌కు తగిన అమరికలు వెతుక్కుంటోంది. పాడైపోయిందనుకుని బటన్ నొక్కి ఆపేస్తే అది మళ్లీ మొదటికి వస్తుంది. ఫ్యాన్లు తిరుగుతూ, బోర్డు మీద డ్రామ్ లైటు వెలుగుతుంటే పావుగంటైనా ఓపిక పట్టండి. అప్పటికీ కదలకపోతే సీమాస్ క్లియర్ చేసి (బయోస్ సెట్టింగులు మొదటికి తెచ్చి), ముందు బయోస్ కొత్తది వేసి మళ్లీ ప్రయత్నించండి. కొత్త బయోస్ ఎలాగూ వేయాల్సిందే. 2023లో కొన్ని ఏఎమ్5 చిప్పులు ఎస్ఓసీ వోల్టేజ్ (మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందేది) ఎక్కువై కాలిపోయాక, ఆ వోల్టేజ్‌ను 1.3 వోల్టుల దగ్గర ఆపే సవరణలు అప్పటినుంచే వచ్చాయి. బూట్ అయినంత మాత్రాన స్థిరంగా ఉన్నట్టు కాదు. మెమ్‌టెస్ట్86 నాలుగు విడతలు తప్పులేకుండా పూర్తవ్వాలి. ఒక్క తప్పు వచ్చినా 6000ని 5800కో 5600కో దించండి. ర్యామ్‌లో ఒకే ఒక్క తప్పు ఫైలును చెడగొట్టగలదు, కాబట్టి 'ఒకటే కదా' అనే మాట ఇక్కడ పనికిరాదు.

మీ మిత్రుడు మురిపిస్తే 7200 కిట్ కొనకండి. 6000 దగ్గర మెమరీ కంట్రోలర్ ర్యామ్‌తో సమంగా నడుస్తుంది. 6400 దాటాక చాలా బోర్డులు దాన్ని సగం వేగానికి దించేస్తాయి, పెట్టిన డబ్బు జాప్యంలోనే కరిగిపోతుంది. జెన్‌టైమింగ్స్‌లో ఎమ్‌సీఎల్‌కే (ర్యామ్ క్లాక్), యూసీఎల్‌కే (కంట్రోలర్ క్లాక్) రెండూ ఒకే అంకె చూపుతున్నాయో లేదో చూస్తే తేలిపోతుంది. ఖాళీగా ఉన్నాయి కదా అని నాలుగు స్లాట్లూ నింపడం కూడా తప్పే. నాలుగు స్టిక్‌లకు రైజెన్ 7000 అధికారిక వేగం 3600 మాత్రమే.

ర్యామ్ బాగానే ఉందని తేలితే కార్డు కూర్చున్న స్లాట్ చూడండి. జీపీయూ-జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ అనే గడి ఉంటుంది. 4060కి సహజంగానే ఎనిమిది లేన్లే (డేటా దారులే), కాబట్టి 'x8 4.0' కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నప్పుడు '1.1' అని చూపినా తప్పు కాదు, కరెంటు ఆదా కోసం లింక్ తనంతట తాను తగ్గుతుంది. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడిపితే అసలు వేగం బయటికి వస్తుంది. అప్పుడు కూడా 'x4' గానీ '3.0' గానీ కనిపిస్తే కార్డు కింది స్లాట్‌లో ఉండొచ్చు, మధ్యలో పాత రైజర్ కేబుల్ ఉండొచ్చు, కార్డు పూర్తిగా లోపలికి దిగకపోయి ఉండొచ్చు. అదే కిటికీలో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకోగలిగే సదుపాయం) ఎనేబుల్డ్ అని ఉండాలి. లేకపోతే బయోస్‌లో పాత పద్ధతి బూట్ కోసం ఉండే సీఎస్ఎమ్ ఆపి, అబవ్ 4జీ డీకోడింగ్ ఆన్ చేయాలి. విండోస్ పాత ఎమ్‌బీఆర్ డిస్కు పద్ధతిలో వేసి ఉంటే సీఎస్ఎమ్ ఆపగానే బూట్ కాదు, డిస్కును ముందు కొత్త పద్ధతైన జీపీటీకి మార్చుకోండి.

కార్డుల పేర్లు కూడా నమ్మదగ్గవి కావు, ఈ మాట మీ ఇద్దరికే కాదు. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ దానికి మెమరీ దారి వెడల్పు 192-బిట్, 8 జీబీ దానికి 128-బిట్. జీటీఎక్స్ 1060లో 6 జీబీ దానికి 1280 కోర్లు, 3 జీబీ దానికి 1152. జీటీ 1030 అయితే జీడీడీఆర్5 రకం ఒకటి, దానికంటే చాలా నెమ్మదైన డీడీఆర్4 రకం ఇంకొకటి. ల్యాప్‌టాప్ కార్డుల సంగతి చెప్పనక్కర్లేదు. ఒకే 4060 పేరుతో 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా అమరికలు ఉన్నాయి. వాట్లు రాయకుండా ల్యాప్‌టాప్ స్కోరు పెట్టేవాళ్లతో వాదనకు దిగకండి.

పవర్ సప్లై గురించి రెండే మాటలు. గోల్డ్, బ్రాంజ్ అన్నవి కరెంటు ఎంత వృథా చేస్తుందో చెప్పే ముద్రలు, ఎఫ్‌పీఎస్‌తో సంబంధం లేదు. మీ ప్రాసెసర్ 88, కార్డు 115, మిగతావన్నీ కలిపి 60 అనుకున్నా 263 వాట్లు. దాన్ని అందించడానికి 85 శాతం సామర్థ్యం ఉన్నది గోడ నుంచి 309 వాట్లు లాగుతుంది, 90 శాతం ఉన్నది 292. తేడా 17 వాట్లు. 650 మీకు పుష్కలం. అది చాలకపోతే ఫ్రేములు తగ్గవు, పీసీ ఠక్కున ఆరిపోతుంది.

వేడి పోలికలో ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. గది వేడి చెప్పరు. మీ గది 33, ఆయన గది 22 అయితే 91లోంచి 33 తీసినా 58, 80లోంచి 22 తీసినా 58. రెండు కూలర్లూ ఒకే తేడా చూపినట్టు. ఆయన పీబీఓతో ఎక్కువ వాట్లు తాగుతుంటే మాత్రం అదే 58 డిగ్రీలతో ఎక్కువ వేడిని బయటికి నెడుతున్నట్టు. అందుకే కూలర్లను పోల్చేటప్పుడు మూడు అంకెలూ కలిపి రాయాలి: గది వేడి, చిప్ వేడి, ఆ క్షణాన వాట్లు.

కొలిచే పద్ధతి కూడా ఇద్దరిదీ ఒకటే అయి ఉండాలి. ఆటలో సొంత బెంచ్‌మార్క్ ఉంటే అదే వాడండి. లేకపోతే ఒకే సేవ్ ఫైలుతో ఒకే దారిలో 60 సెకన్లు నడవండి. మొదటి విడత పారేయండి, షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) అప్పుడే తయారవుతూ ఉంటాయి. తర్వాత మూడు విడతలు నడిపి మధ్య అంకె తీసుకోండి. మీ మూడు విడతల మధ్యే 4 శాతం తేడా వస్తుంటే, మీ ఇద్దరి మధ్య 3 శాతం తేడాకు అర్థం లేదు. అన్నిటికంటే నెమ్మదైన ఫ్రేముల వేగం చెప్పే '1 శాతం లో' అనే అంకెను ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా లెక్కిస్తుంది. కొన్ని అట్టడుగు ఒక శాతం ఫ్రేముల సగటు తీస్తాయి, కొన్ని ఆ గీత దగ్గరి విలువే చెబుతాయి. కాబట్టి ఇద్దరూ క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ లాంటి ఒకే పనిముట్టు వాడాలి. గ్రాఫిక్స్ సెట్టింగులను 'హై' అని నోటితో చెప్పుకోకండి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఇచ్చిపుచ్చుకోండి. ఒకరి దగ్గర, తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ క్వాలిటీలో ఉండి, ఇంకొకరి దగ్గర ఆగి ఉండటం చాలా మామూలు. ఫ్రేమ్ జనరేషన్ ఆన్‌లో ఉందేమో ముందు అడగండి. 140లో సగానికి దగ్గరగా కల్పిత ఫ్రేములే కావచ్చు. విండోస్‌లో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా సెట్టింగ్ ఇద్దరికీ ఆన్ లేదా ఇద్దరికీ ఆఫ్ ఉండాలి. రెండో మానిటర్‌లో వీడియో ఆడుతుంటే ఆపేయండి.

ఎస్ఎస్‌డీ ఈ 25 శాతంలో లేదు. అది ఆట తెరుచుకునే సమయాన్ని మారుస్తుంది, ఫ్రేములను కాదు. పోల్చుకోవాలనిపిస్తే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో పైవరుసలోని 7000 కాదు, ఆఖరి వరుసలోని ఆర్ఎన్‌డీ4కే క్యూ1టీ1 చూడండి. రోజువారీ వాడకానికి దగ్గరగా ఉండేది అదే.

మళ్లీ రాసేటప్పుడు వివరాలు ఈ తీరున ఇస్తే వెంటనే తేల్చి చెప్పొచ్చు: '7600, పీబీఓ ఆఫ్, 10 నిమిషాల తర్వాత 88 వాట్లు, 91 డిగ్రీలు, గది 30. ర్యామ్ 2x16, 6000 సీఎల్30, ఎక్స్‌పో ఆన్, రెండు నాలుగు స్లాట్లు. 4060 x8 4.0, రీసైజబుల్ బార్ ఆన్. 1080పీ, డీఎల్ఎస్ఎస్ ఆఫ్, జీపీయూ వాడకం 72 శాతం.'

ఇవన్నీ సమం చేశాక కూడా తేడా మిగిలితే, ఇద్దరూ దగ్గర్లో ఉంటే గ్రాఫిక్స్ కార్డులు ఒక్క పూట మార్చుకోండి. ఒకసారికి ఒక్క భాగమే, రెండు కలిపి మార్చకూడదు. తక్కువ ఎఫ్‌పీఎస్ కార్డుతోపాటే ఆయన ఇంటికి వెళ్లిపోతే లోపం కార్డులో ఉంది. అప్పుడు జీపీయూ వేడికీ, హాట్‌స్పాట్‌కీ (చిప్‌లో అన్నిటికంటే వేడైన చోటుకీ) మధ్య తేడా చూడండి. 4060లో ఆ సెన్సర్ కనిపిస్తుంది, 50 సిరీస్ నుంచి ఎన్‌విడియా దాన్ని చూపడం మానేసింది. 10 నుంచి 15 డిగ్రీల తేడా మామూలే. 25 దాటితే లోపల పేస్ట్ సరిగా పరుచుకోలేదు లేదా హీట్‌సింక్ ఒక పక్కకు ఒరిగింది. స్క్రూలు మీరే విప్పకుండా వారంటీలో ఇచ్చేయండి.